అమ్మలాంటిదే, మరి లెక్క ఏది?

ఘంటసాల, సుశీల, జానకి, బాలు ఉండగా 1960 నాటి అమెరికా పాటలతో మనకేం పని అని మీకు అనిపించవచ్చు. అయినా ఈ నెల ఒక పాత అమెరికన్ పాటల బృందం గురించి రాస్తున్నాను. వాళ్ళ పాటలు బాగుంటాయి, వీలైతే వినండి. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది మాత్రం వాళ్ళ డబ్బు సంగతి. చదివాక మీ బీరువాలో ఉన్న ఒక్క కాగితమైనా బయటికి తీసి చూసుకుంటారని నా ఆశ.

ఆ బృందం పేరు షిరెల్స్. షిర్లీ ఓవెన్స్, డోరిస్ కోలీ, అందరూ మికీ అని పిలిచే ఆడీ హారిస్, బెవర్లీ లీ. నలుగురూ ఆఫ్రికన్ అమెరికన్ అమ్మాయిలు. న్యూజెర్సీలో పసేయిక్ అనే ఊళ్ళో హైస్కూలు చదువుతుండేవాళ్ళు. మనవాళ్ళు నిండా ఉండే ఎడిసన్ నుంచి ఆ ఊరు కారులో ముప్పావుగంట దూరం.

అప్పట్లో న్యూయార్క్, న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా వీధుల్లో కుర్రకారుకి డూ-వాప్ పిచ్చి. వాద్యాలు కొనుక్కునే స్తోమత లేని పిల్లలు వీధి మలుపుల్లో, మెట్ల కింద, స్కూలు హాలుల్లో నిలబడి గొంతులతోనే పాట కట్టేవాళ్ళు. ఒకళ్ళు పాడుతుంటే మిగతావాళ్ళు అర్థం లేని అక్షరాలతో తాళమూ వరసా నడిపేవాళ్ళు. మన బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ ఉన్నవాళ్ళు తందాన అంటూ వంత పాడతారు చూడండి, ఇంచుమించు అలాంటి పని. వంత సరిగ్గా లేకపోతే కథ తేలిపోతుంది కదా, ఇక్కడా అంతే.

ఈ నలుగురూ 1957లో స్కూలు పోటీలో పాడటానికి సొంతంగా ఒక పాట కట్టుకున్నారు. ఆదివారం ఒక అబ్బాయి కలిశాడు అని మొదలుపెట్టి, వారంలో రోజులన్నీ వరసగా చెప్పుకుంటూ పోయే చిన్న సరదా పాట. అది విన్న క్లాసుమేటు మేరీ జేన్ గ్రీన్‌బర్గ్, మా అమ్మకి వినిపించండి అని వెంటపడింది. పిల్లలు మొదట్లో వద్దన్నారు. ఆ అమ్మాయి వదల్లేదు. చివరికి వాళ్ళ ఇంటికి వెళ్ళి హాల్లో నిలబడి పాడారు.

ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ గ్రీన్‌బర్గ్. నలభై దాటిన గృహిణి, ఇద్దరు పిల్లల తల్లి. సంగీతం నేర్చుకున్న మనిషి కాదు, వ్యాపారం చేసిన అనుభవమూ పెద్దగా లేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక, పాటల రంగంలో ఏదో ఒకటి చెయ్యాలన్న తపన ఉన్న మనిషి. ఈ పిల్లల కోసం టియారా అని ఒక చిన్న రికార్డుల కంపెనీ పెట్టింది. 1958లో ‘ఐ మెట్ హిమ్ ఆన్ ఎ సండే’ విడుదలైంది. చుట్టుపక్కల రేడియోల్లో మోగింది. పెద్ద కంపెనీ డెక్కా దాన్ని తీసుకుంటే దేశం మొత్తం మీద 49వ స్థానం దాకా వెళ్ళింది. తర్వాతి పాటలు ఆడకపోయేసరికి డెక్కా వాళ్ళని వదిలేసింది. ఫ్లోరెన్స్ వదల్లేదు. 1959లో సెప్టర్ అనే ఇంకో కంపెనీ పెట్టి, లూథర్ డిక్సన్ అనే పాటల రచయితని నిర్మాతగా తెచ్చుకుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో రికార్డుల వ్యాపారమంటే మగవాళ్ళ రాజ్యం. అందులోకి వంటింట్లోంచి నడిచి వచ్చి, నిలబడి, తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి పనిచేసే కంపెనీ నడిపిన ఆవిడ మామూలు మనిషి కాదు. ఇల్లు చూసుకుంటూ ఉండిపోయాం, ఈ వయసులో ఇంకేం చేస్తాంలే అనుకునే మనలాంటివాళ్ళకి ఆవిడ కథ ధైర్యం ఇస్తుంది. అందుకే ఆవిడని విలన్‌ని చేసి ఈ వ్యాసం రాయడం నాకు ఇష్టం లేదు. ఆవిడ విలన్ అయ్యుంటే నేను చెప్పాల్సింది కూడా పెద్దగా ఉండేది కాదు.

1960 చివర్లో షిరెల్స్ దశ తిరిగింది. ‘విల్ యూ లవ్ మీ టుమారో’ అనే పాట వచ్చింది. రాసింది జెరీ గోఫిన్, వరస కట్టింది ఆయన భార్య కారొల్ కింగ్. అప్పటికి ఆమెకి 18 ఏళ్ళు, చంకలో నెలల పాప. పాటలో ఒక అమ్మాయి తన ప్రియుణ్ణి అడుగుతుంది: ఈ రాత్రి నేనంటే ఇష్టమంటున్నావు, తెల్లారాక కూడా ఇంతే ఇష్టంగా ఉంటావా అని. ఆడపిల్ల నోట అంత సూటి ప్రశ్న ఏమిటని కొన్ని రేడియో స్టేషన్లు పాటని వెయ్యలేదు. అయినా 1961 జనవరి చివరికి అది బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. నల్లజాతి అమ్మాయిల బృందం ఒకటి హాట్ 100లో అంత పైకి చేరడం అదే మొదటిసారి.

ఆ తర్వాత రెండు మూడేళ్ళు వాళ్ళవే. 1961లో ‘డెడికేటెడ్ టు ద వన్ ఐ లవ్’ మూడో స్థానం, ‘మామా సెడ్’ నాలుగో స్థానం. 1962లో ‘సోల్జర్ బాయ్’ మళ్ళీ మొదటి స్థానం. బీటిల్స్ పేరు మనలో వినని వాళ్ళు తక్కువ. 1963లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో రెండు పాటలు షిరెల్స్ పాడినవే. షిర్లీ, డోరిస్ పెళ్ళి కోసం సెలవు పెట్టినప్పుడు వేదిక మీద వాళ్ళ బదులు నిలబడి పాడింది ఎవరనుకున్నారు? తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న డియాన్ వార్విక్. మనం డ్యూటీలు మార్చుకుంటాం చూడండి, అలాగన్నమాట. 1963 ఆగస్టులో, జాతి గొడవలతో మండుతున్న అలబామా బర్మింగ్‌హామ్‌లో, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి కూర్చున్న ప్రేక్షకుల ముందు పాడిన కళాకారుల్లో వీళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం.

చేరినప్పుడు వీళ్ళు ఇంకా చిన్నవాళ్ళు. పాటల మీద వచ్చే మీ వాటా అంతా ట్రస్టులో వేస్తున్నాం, 21 ఏళ్ళు నిండాక మీ చేతికి వస్తుంది అని కంపెనీ చెప్పింది. పిల్లలు నమ్మారు. ఎందుకు నమ్మరు? ఫ్లోరెన్స్ వాళ్ళకి అమ్మలాగే ఉండేది. వాళ్ళ స్నేహితురాలి కన్నతల్లి. అమ్మని లెక్క చూపించమని ఎవరు అడుగుతారు?

వయసు నిండింది. 1963లో తెలిసింది, ట్రస్టు అనేదే లేదని. ఆ డబ్బు రికార్డింగులకీ ప్రచారానికీ టూర్లకీ ఖర్చయిపోయిందన్నారు. వాళ్ళు కంపెనీ వదిలి కోర్టుకెళ్ళారు. ఒప్పందం మధ్యలో వెళ్ళిపోయారని కంపెనీ ఎదురు కేసు వేసింది. 1965లో రాజీ కుదిరి రెండు కేసులూ వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ రెండేళ్ళూ మళ్ళీ రాలేదు. అప్పటికి బీటిల్స్ వెల్లువ వచ్చేసింది, మోటౌన్ కంపెనీ అమ్మాయిల బృందాలు పైకి వచ్చేశాయి. 1967 తర్వాత షిరెల్స్‌కి చెప్పుకోదగ్గ హిట్ లేదు.

ఖర్చయిపోయింది అన్న ఆ మాట మీద కాస్త ఆగుదాం. రికార్డుల వ్యాపారంలో అది మామూలే. స్టూడియో అద్దె, వాద్యకారుల జీతం, ప్రకటనలు, అన్నీ పాడేవాళ్ళ వాటాలోంచే ముందు కోసుకుంటారు. మిగిలితే ఇస్తారు. మన ఊళ్ళలో విత్తనానికీ ఎరువుకీ పెట్టుబడి ఇచ్చిన షావుకారు, కళ్ళంలోనే తన లెక్క కోసుకుని మిగిలింది రైతు చేతిలో పెట్టినట్టు. రైతుకి కనీసం ఎన్ని బస్తాలు పండాయో కళ్ళకి కనిపిస్తుంది. ఈ అమ్మాయిలకి ఎన్ని రికార్డులు అమ్ముడయ్యాయో చూపించే పుస్తకం కూడా కంపెనీ చేతుల్లోనే ఉండేది.

ఇంకో సంగతి. పాట రాసినవాళ్ళ హక్కు వేరు, పాడినవాళ్ళ హక్కు వేరు. అమెరికాలో ఇప్పటికీ మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాళ్ళకి డబ్బు వస్తుంది, పాడినవాళ్ళకి రాదు. ‘సోల్జర్ బాయ్’ రచయితలుగా ఉన్న పేర్లు లూథర్ డిక్సన్, ఫ్లోరెన్స్ గ్రీన్‌బర్గ్. అంటే అరవై ఏళ్ళుగా ఏ స్టేషన్ ఆ పాట వేసినా, ఆ గొంతు ఎవరిదో వాళ్ళకి ఆ రేడియో నుంచి పైసా లేదు. ఇంటర్నెట్ రేడియోలు వచ్చాక పాడినవాళ్ళకి కూడా వాటా ఇవ్వాలని చట్టం చేశారు గానీ, 1972 ఫిబ్రవరి 15కి ముందు రికార్డయిన పాటలు అందులోకి రాలేదు. వాటినీ చేర్చింది 2018 చట్టం. అప్పటికి నలుగురిలో ఇద్దరు లేరు. మికీ హారిస్ 1982లో అట్లాంటాలో కచేరీ ఇచ్చిన రోజే గుండెపోటుతో పోయింది. డోరిస్ 2000లో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది.

ఇది వాళ్ళ దేశం గొడవ అనుకోకండి. 2017 మార్చిలో బాలుగారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజాగారి తరఫున లీగల్ నోటీసు వచ్చిందని తెలిసి మన గ్రూపులన్నీ ఎంత అట్టుడికిపోయాయో గుర్తుందా? ఆ రోజు మనమందరం ఒకటే అడిగాం: పాడిన పాట గాయకుడిది కాదా అని. చట్టం దగ్గరికి వెళితే దానికి జవాబు మనం అనుకున్నంత తేలిక కాదు. మన దేశంలో గాయకులకి రాయల్టీ హక్కు కల్పిస్తూ కాపీరైట్ చట్టం మార్చింది కూడా 2012లోనే. బాలుగారంతటివారికే ఆ చిక్కు వస్తే, పదహారేళ్ళ పసేయిక్ పిల్లలకి ఏం తెలుస్తుంది?

పేరు సంగతి కూడా చెప్పాలి. నలుగురూ విడిపోయాక వేర్వేరు షిరెల్స్ బృందాలు ఊళ్ళు తిరిగాయి. చివరికి పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు బెవర్లీ లీ దక్కించుకుంది. అసలు బృందంతో సంబంధమే లేనివాళ్ళు పాత పేర్లు పెట్టుకుని కచేరీలు చేస్తుంటే, దాన్ని ఆపడానికి న్యూజెర్సీతో సహా చాలా రాష్ట్రాల్లో చట్టాలు చేయాల్సి వచ్చింది. 2011లో ఫ్లోరెన్స్ జీవితం మీద బ్రాడ్‌వేలో సంగీత నాటకం వచ్చినప్పుడు, మమ్మల్ని అడక్కుండా మా పేర్లు వాడుకున్నారని బెవర్లీ లీ, డియాన్ వార్విక్ తదితరులు మళ్ళీ కోర్టుకెక్కారు. గొంతు, డబ్బు, పేరు, చివరికి సొంత జీవిత కథ. ఒక్కొక్కటీ నాది అని నిరూపించుకోవడానికే వాళ్ళ వయసు గడిచింది.

ఇక నా అభిప్రాయం చెబుతాను. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ రోజులు అలాంటివి, అందరికీ అలాగే జరిగింది అంటారు. నిజమే, ఆ కాలంలో చాలా బృందాలకి జరిగింది. కానీ షిరెల్స్‌కి జరిగినదాంట్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ అమ్మ అనే మాట. పరాయి షావుకారు అయితే లెక్క అడిగేవాళ్ళే. అమ్మలాంటి మనిషి కాబట్టి అడగలేదు. మోసపోయామని తెలిసినప్పుడు పోయింది డబ్బు ఒక్కటే కాదు, ఆ అమ్మ కూడా పోయింది. లెక్క మొదటి నుంచీ కాగితం మీద ఉండి ఉంటే బహుశా రెండూ మిగిలేవి. డబ్బు నిజంగా ఖర్చయి ఉంటే ఏ నెలకా నెల కనిపించేది, ఫ్లోరెన్స్ కూడా తలెత్తుకుని మాట్లాడగలిగేది. లెక్క అడగడం అనుమానించడం అని మనకి చిన్నప్పటి నుంచీ నేర్పారు. నేను అనేది, లెక్క ఉన్నచోటే బంధం నిలుస్తుందని. మన పెద్దవాళ్ళకి ఇది తెలుసు. ఎక్కడైనా బావే గానీ వంగతోట కాడ మాత్రం బావ కాదు అన్నారు. ఆ సామెత మగవాళ్ళు పొలం గట్ల మీద బాగానే వాడుకున్నారు. ఆడవాళ్ళం మాత్రం వంగతోట కాడ కూడా వదినా, అక్కా, అమ్మా అనుకుంటూ ఉండిపోయాం.

మీ చుట్టూ చూడండి. నేను నర్సుని. మా రంగంలో ఏజెంటు దగ్గర సంతకం పెట్టి వచ్చినవాళ్ళు ఎంతమందో. మన ఊరి ఆయనే, మన అన్నయ్యలాంటివాడే, ఇంగ్లీషులో ఉన్న ఇరవై పేజీలు ఎందుకు చదవడం అంటారు. మధ్యలో ఉద్యోగం మానితే ఎంత కట్టాలో ఆ ఇరవై పేజీల్లోనే ఉంటుంది. నాతో పనిచేసిన ఒక అమ్మాయికి ఆ సంగతి మానాలనుకున్న రోజునే తెలిసింది. గల్ఫ్‌లో పన్నెండు గంటల డ్యూటీలు చేసి పంపిన డబ్బుతో ఊళ్ళో స్థలం కొన్నారు, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద అయిందో ఇప్పటికీ చూడనివాళ్ళు ఉన్నారు. తమ్ముడే కదా, ఎక్కడికి పోతుంది అంటారు. తమ్ముడు మంచివాడే కావచ్చు. తమ్ముడికి రేపు భార్యాపిల్లలు వస్తారు, అప్పులు వస్తాయి, అనారోగ్యాలు వస్తాయి. అప్పుడు అక్క డబ్బు ఎంత అని చెప్పే కాగితం ఒకటి ఉంటే తమ్ముడికే మేలు.

ఇంట్లో ఉండే మనవాళ్ళ సంగతీ అంతే. పచ్చళ్ళు అమ్ముతారు, టిఫిన్లు పంపుతారు, పిల్లలకి సంగీతం, కూచిపూడి నేర్పుతారు. డబ్బు పడేది ఎవరి అకౌంటులో? బతుకమ్మకీ సంక్రాంతికీ మన గ్రూపుల్లో పాటల బృందాలు పుట్టుకొస్తున్నాయి. ఆరుగురు ఆడవాళ్ళు నెలలు తరబడి సాధన చేసి పాడతారు, వీడియో తీస్తారు, లక్ష మంది చూస్తారు. ఆ యూట్యూబ్ ఛానల్ ఎవరిది? పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది? బృందం పేరు ఎవరిది? ఇవన్నీ చిన్న విషయాలే అనుకుంటాం. నాలుగు డాలర్లు రాని రోజున ఇవి మాట్లాడుకోవడం చాలా సులువు. నాలుగు వేలు వచ్చిన రోజున మాట్లాడితే స్నేహాలు మిగలవు.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. షిరెల్స్ మొదలైనప్పుడు స్కూలు పిల్లలు అని మర్చిపోవద్దు. మన పిల్లలు టీవీ పాటల పోటీలకి వెళుతున్నారు, ఆల్బమ్‌లు చేస్తున్నారు, రీల్స్‌లో పేరు తెచ్చుకుంటున్నారు. వాళ్ళ తరఫున సంతకం పెట్టేది మనం. పిల్ల టీవీలో కనబడుతుందన్న సంతోషంలో ఏ కాగితమైనా సంతకం పెట్టేస్తాం. ఆ గొంతు ఎన్నాళ్ళు, ఎక్కడ, ఎవరు వాడుకోవచ్చో అందులో రాసి ఉంటుంది. ఆ పిల్లకి 21 వచ్చాక, అమ్మా నువ్వు చదివే సంతకం పెట్టావా అని అడిగితే చెప్పడానికి మన దగ్గర జవాబు ఉండాలి.

అడగాల్సినవి పెద్ద లాయరు ప్రశ్నలేం కావు. ఈ డబ్బు ఏ పేరు మీద ఉంది? నేను ఇప్పుడే చూడగలనా? ఏమేం కోసుకుంటారు, ఎంత? నేను మధ్యలో వెళ్ళిపోతే ఏమవుతుంది? దీని నకలు నాకు ఇస్తారా? ఈ అయిదూ చాలు. ప్రేమ ఉన్నవాళ్ళయితే ఈ ప్రశ్నలకి కోపం తెచ్చుకోరు. ఒకవేళ తెచ్చుకుంటే, ఆ కోపం ఇప్పుడే చూడటం మంచిది.

ఇంత అడిగితే మనల్ని డబ్బు మనిషి అంటారేమో అన్న భయం నాకు తెలుసు. అననివ్వండి. రాత్రి డ్యూటీలు చేసినప్పుడు ఎవరూ అనలేదు, ఊరికి డబ్బు పంపినప్పుడు ఎవరూ అనలేదు. లెక్క అడిగినప్పుడే అంటారు.

షిరెల్స్‌కి గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. 1996లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు ఇచ్చారు. 2008లో వాళ్ళు చదివిన పసేయిక్ హైస్కూలు దగ్గర రోడ్డుకి షిరెల్స్ బులెవార్డ్ అని పేరు పెట్టారు. సంతోషమే. కానీ రోడ్డు మీద పేరు చూసి సంతోషించే వయసుకి ముందు, పిల్లల ఫీజులూ ఇంటి అద్దెలూ కట్టుకునే వయసు ఒకటి ఉంటుంది. వాళ్ళకి డబ్బు అవసరమైంది అప్పుడు. తెల్లారాక కూడా నేనంటే ఇష్టమేనా అని ప్రపంచమంతా వినేలా పాడిన అమ్మాయిలు, అదే ప్రశ్న తమ కంపెనీని అడగలేకపోయారు.

మీరు అడగండి. ఈ ఆదివారం వీలు చూసుకుని ఒక కాగితం తీయండి. ఉద్యోగం ఒప్పందమో, స్థలం దస్తావేజో, బ్యాంకు పుస్తకమో, ఏదైనా సరే. అర్థం కాని చోట పెన్సిలుతో గీత పెట్టి గ్రూపులో అడగండి. పేరూ నంబర్లూ దాచి, ఆ వాక్యం ఒక్కటీ పెడితే చాలు. మనలో నర్సులున్నారు, అకౌంటెంట్లున్నారు, లాయరు చదివిన అమ్మాయిలు కూడా ఉన్నారు. ఎవరో ఒకరు చెబుతారు. అది వింటూ ‘మామా సెడ్’ పెట్టుకోండి, పని చేసుకుంటూ వినడానికి హుషారుగా ఉంటుంది.